గుర్తింపు కార్డుల ప్రింటరు సంరక్షణ



2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, అమ్మకపు ధ్రువపత్రం పొందినవారికి స్థానిక సంస్థ గుర్తింపు కార్డు కూడా ఇవ్వవలసి ఉంటుంది. ఆ కార్డులో ముఖం మీదుగా తెల్లని గీత పడితే తనిఖీకి వచ్చినవారు శంకిస్తారు, నష్టపోయేది వ్యాపారి.

గీతకు కారణం తరచుగా ధూళియే. ప్రింట్ హెడ్ రిబ్బనును వేడిచేసి రంగును కార్డుపైకి దింపుతుంది. నడుమ మురికి అడ్డుపడిన చోట రంగు దిగదు. అందుచేత రిబ్బను మార్చిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిసిన క్లీనింగ్ కార్డును లోపలికి పంపాలి. హెడ్‌ను వేలితో తాకరాదు. ఖాళీ కార్డులను అంచులతోనే పట్టుకోవాలి. వేలి జిడ్డు రంగును నిలువనీయదు. శుభ్రపరచిన తరువాతా గీత అదే చోట పడుతుంటే హెడ్ దెబ్బతిన్నదేమో పరీక్షింపజేయాలి.

ఇంతకంటే ముఖ్యమైనది, సాధారణంగా ఎవరూ పట్టించుకోనిది, వాడిన రిబ్బను. నల్లరంగు పట్టీ నుండి అక్షరాలు కార్డుపైకి వెళ్ళిన చోట వాటి ఆకారం ఖాళీగా మిగులుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే పేరు, సంఖ్య చదవవచ్చు. రంగుల పట్టీలలో ముఖం ఛాయ కూడా ఉంటుంది. టీ కప్పులతోపాటు చెత్తబుట్టలో చేరే ఆ చుట్ట నిజానికి వందలాది మంది వివరాల దస్త్రం. దానిని తాళం వేసిన పెట్టెలో ఉంచి, బాధ్యుడైన ఉద్యోగి సమక్షంలో ముక్కలు చేయించి, ఆ తేదీని రిజిస్టరులో నమోదు చేయాలి.