అనుమానం వచ్చిన నాడు



ఎంత ప్రార్థించినా జబ్బు తగ్గనప్పుడు, చేతికొచ్చిన పంట పోయినప్పుడు "దేవుడు వింటున్నాడా?" అనిపిస్తుంది. అలా అనిపించడమే పాపమని చాలామంది లోలోపల కుమిలిపోతారు. నేనలా అనుకోను. యేసు శిష్యుడైన తోమా తన అనుమానాన్ని దాచుకోలేదు, యేసు అతన్ని వెళ్లగొట్టలేదు.

మన తెలుగు నేలమీద జరిగిందే చూడండి. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు పిడికెడుమందే. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ వచ్చింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి మోకరించారు. కింద కనిపిస్తున్న ఊరికి ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు.

1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలిపని చూపించారు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆగమన్నారు. తిండి కోసం వస్తున్నారేమోనని ఆయన శంక. నిజాయితీ గల శంక అది. చివరికి 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మీ అనుమానాన్ని ఒంటరిగా మోయకండి. పాస్టరు గారితోనో, సంఘంలో పెద్దవాళ్లతోనో నోరు విప్పి చెప్పండి. ప్రార్థనకు మాటలు రాకపోయినా సరే, ఈ ఆదివారం ఆరాధన మానకండి.