మాత్ర మానేస్తే నెత్తురు ఏం చెబుతుంది?



ఒళ్లు బాగానే ఉంది గదా, కోతల రోజుల్లో కూలి పోగొట్టుకొని ఏఆర్‌టీ సెంటరుకు పోవడమెందుకని మాత్రలు మానేస్తున్నవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లను తెలివితక్కువోళ్లని తిట్టే డాక్టర్లతో మాకు పేచీ ఉంది. ఒకరోజు కూలి పోతే ఏమవుద్దో వాళ్లకేం తెలుసు! అయినా మాత్ర మాత్రం ఆపొద్దంటున్నాం.

హెచ్‌ఐవీ క్రిమి సీడీ4 కణాలను చంపుతుందని అందరూ విన్నదే. విననిది ఇంకోటుంది. క్రిమి ఉన్నన్నాళ్లూ ఒంట్లో కాపలా కణాలు రాత్రీపగలూ కేకలు వేస్తూనే ఉంటాయి. ఏళ్ల తరబడి అరిచే కాపలావాడు అలిసిపోతాడు, ఆ గొడవలో ఇంట్లో సామానూ పగలగొడతాడు. ఆ కేకల గుర్తులు నెత్తురులో దొరుకుతాయి. నియోప్టెరిన్, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ ఎక్కువున్నవాళ్లకు ఎయిడ్స్ తొందరగా ముదురుతుందని 1990 నాటికే తేలింది. 2006లో మరో సంగతి బయటపడింది. క్రిమి పేగు గోడను దెబ్బతీస్తే, పేగులోని సూక్ష్మజీవుల తునకలు నెత్తురులోకి కారి ఆ కేకలను ఎగదోస్తాయట.

ఇక అసలు లెక్క. స్మార్ట్ అనే పరిశోధనలో 33 దేశాల నుంచి 5,472 మంది చేరారు. సగం మందికి మందు ఆపకుండా ఇచ్చారు. మిగతావాళ్లకు సీడీ4 350 దాటితే ఆపి, 250 కంటే పడితే మళ్లీ మొదలుపెట్టారు. ఆపి ఆపి వాడినవాళ్లకు ఎయిడ్స్ జబ్బులో చావో వచ్చే ముప్పు 2.6 రెట్లయింది. 2006 జనవరిలో ఆ పద్ధతి మానుకున్నారు. చావుల్లో ఎక్కువ ఎయిడ్స్ జబ్బులవి కావు. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులూ వాళ్లలోనే పెరిగాయి. దాచిన నెత్తురు పరీక్షించి 2008లో చెప్పిందేమంటే, మందు ఆపిన నెలకే ఐఎల్-6, డీ-డైమర్ పెరిగాయని. మనిషికి మాత్రం ఏమీ తెలియదు. బాగున్నాననే అనుకుంటాడు.

మందు వాడితే ఈ కేకలు బాగా తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. హెచ్‌ఐవీ మందు నడపడానికి ఈ గుర్తుల పరీక్షలు అక్కర్లేదు, వాటికి డబ్బు తగలేయొద్దు. సర్కారు సెంటరులో వైరల్ లోడు పరీక్ష అడగండి. అది ఉచితం. మందులు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా మందు ఇవ్వాల్సిందే. నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే ఏర్పాటూ ఉంది, కూలి పోకుండా అదీ అడగాలి. తోడు పోయే కార్యకర్తలు వాళ్ల పేర్లు ఊళ్లో ఎత్తొద్దు. ఒప్పుదల లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టం ఒప్పుకోదు.