బాపు మడత చాకుకి టేకు పిడి: ఒక కాపీ పేస్ట్ పొరపాటు

ముందు ఈ చాకు చూడండి. విక్టోరినాక్స్, మడిస్తే 91 మిల్లీమీటర్ల పొడవు. మా బాపుది. కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైర్ అయ్యాడు. పిడికి చుట్టి ఉన్న నల్లది సైకిల్ ట్యూబు. వేళ్ల కీళ్లు నొప్పి మొదలయ్యాక సన్న పిడి పట్టు చిక్కట్లేదని ఆయనే చుట్టుకున్నాడు. పోయిన దసరాకి ఊరెళ్తే ఆ ట్యూబు జారి వేలు తెగింది. "ఇగ నాకెందుకు బిడ్డా, నువ్వే తీస్కపో" అని నా చేతిలో పెట్టాడు. ఆ "నాకెందుకు" నానక్‌రామ్‌గూడ వచ్చేదాకా బస్సులో తిరుగుతూనే ఉంది నాకు.

సరే, పనిలోకి వద్దాం. పిడికి రెండు వైపులా ఉండే ఈ ఎర్ర ప్లాస్టిక్ పలకల్ని స్కేల్స్ అంటారు. జామెట్రీ బాక్స్‌లోది కాదు. లోపలి రివెట్ తలల మీద టిక్‌మని కూర్చుంటాయంతే, స్క్రూలు లేవు. పుల్ల, ప్లక్కర్ ముందే తీసేసి, సన్న రేకు దూర్చి మెల్లగా లేపితే ఊడొస్తాయి. చెక్క వేస్తే కంపెనీ పాడవుతుందని బాధ అక్కర్లేదు. 1891లో కార్ల్ ఎల్సనర్ వర్క్‌షాప్ స్విస్ సైన్యానికి ఇచ్చిన మొదటి చాకుల పిడే ఓక్ చెక్క.

నా చెక్క ఎక్కడిదంటే, మా పాత ఇల్లు కూలగొట్టినప్పుడు దాచిన దర్వాజ ముక్క. టేకు. ఏళ్లకేళ్లు ఎండింది, ఇక వంగదు. ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తామంటే మాత్రం కాగితాలు లేకుండా ముట్టుకోకండి. మా వీధిలోని ఫర్నిచర్ అన్న దీన్ని మెషిన్ మీద 6 మిల్లీమీటర్ల పలకలుగా కోసిచ్చాడు. 6 ఎందుకు? ట్యూబుతో పిడి మందం కొలిస్తే 24 వచ్చింది, ట్యూబు లేకుండా 18. బాపు చెయ్యి అడిగింది ఆ తేడానే కదా. ఒక్కో వైపు 3 పెరగాలి.

రివెట్ల చోటు చెక్క మీదికి ఎలా? రివెట్ తలలకి స్టాంప్ ప్యాడ్ ఇంకు రాసి, చాకుని చెక్క మీద నొక్కండి. చుక్కలు పడతాయి. అక్కడ గుంతలు చెయ్యాలి, రంధ్రం అవతలికి పోకూడదు. బిట్‌కి 2 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టండి. బిట్ మొన ఇంకాస్త లోతుకి పోతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

ఇక్కడే దెబ్బతిన్నా. ఒక వైపు గుర్తులు బాగా వచ్చాయని రెండో పలకకీ అవే వేసేశా. కాపీ పేస్ట్. పెట్టి చూస్తే రెండూ ఎడమ చెప్పులే! రెండో వైపు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి. ఆరేళ్లు కోడ్ రాసినవాణ్ణి, టెస్ట్ చెయ్యకుండా డిప్లాయ్ చేశా. దర్వాజ ముక్కలో ఇంకొక్క పలకే మిగిలింది. ఈసారి ముందు అట్టముక్క మీద చేసి, పెట్టి చూసుకుని, అప్పుడు డ్రిల్ ముట్టుకున్నా.

అతికించడానికి ఆరల్డైట్, మెల్లగా ఆరేది. రెండు ట్యూబులు సమానంగా కలపాలి. టేకులో నూనె ఉంటుంది, తుడవకపోతే పట్టదు. అసిటోన్‌తో తుడిచాక వెంటనే అతికించండి. లోపలి అల్యూమినియం రేకుని 220 నంబర్ ఎమరీ పేపర్‌తో గరుకు చెయ్యండి. గమ్ తక్కువ రాయండి. అది స్ప్రింగ్ సందులోకి కారితే చాకు మళ్లీ తెరుచుకోదు. క్లాంప్ బిగించి ఒక రాత్రి వదిలేశా.

తర్వాత ఆకురాయి, ఎమరీ. బాల్కనీలో, మాస్క్‌తో. టేకు పొడి గొంతులో మంట పెడుతుంది. మధ్యలో ఉబ్బు ఉంచి, చివరలు సన్నం చేశా. పైన అవిసె నూనె రెండు పూతలు. నూనె గుడ్డని ఉండచుట్టి పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరనివ్వండి. పుల్ల, ప్లక్కర్‌కి ఇప్పుడు చోటు లేదు. బాపు అవి ఎప్పుడో పోగొట్టాడు లెండి.

పోయిన ఆదివారం ఇచ్చా. తిప్పి తిప్పి చూశాడు. "గిది మన దర్వాజ గదరా" అన్నాడు. జామకాయ ఒకటి కోశాడు. అమ్మ అటువైపు ముక్క తీసుకుంటుంటే నాతో, "మంచిగున్నది గని, శాన నున్నగ జేసినవ్, జారుతది" అన్నాడు.

అందుకే ఇప్పుడు ఇది మళ్లీ నా దగ్గరుంది. 120 నంబర్ ఎమరీతో అడ్డంగా గీరుతున్నా, చూడండి.