నెల సీటు కట్టే ముందు
(మండల సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



మన సమాఖ్య భవనం పైగదిలో కుట్టుమిషన్లు పెట్టి, సీటుకు నెలకు ఇంత అని తీసుకుందామని మొన్న మీటింగుల అనుకున్నం. హైదరాబాదుల కంప్యూటర్ పనోళ్లు ఇట్లనే బల్ల, కుర్చీ నెలకు అద్దెకు తీసుకుంటరట, దాన్ని కోవర్కింగ్ అంటరు. పేరు కొత్తదేగానీ లెక్క మనకు తెలిసిందే. నేను ఒకసారి అట్ల సీటు తీసుకొని దెబ్బ తిన్న. ఆ సంగతి చెప్తే మీకు పనికొస్తదని మాట్లాడుతున్న.

మండలంల ఒకాయన షెడ్డుల పవర్ మిషన్లు, ఓవర్‌లాక్, కాజా మిషను అన్నీ ఉన్నయి. నెలకు 1,200. రోజు లెక్కన పోతే 80. నెలదే చవక అనుకొని కట్టేసిన. 15 రోజులు దాటి పోతేనే అది చవక అని అప్పుడు ఆలోచించలే. ఆ నెల నేను పోయింది 9 రోజులే. బాబుకు జ్వరం, ఆడబిడ్డ ఇంట్ల పెండ్లి, నాట్లు. రోజు లెక్కన కడితే 720తో అయిపోయేది.

అయినా ఆ 9 రోజులల్ల చానా జాకెట్లు కుట్టిన, లాభమే గదా అని మా ఆయనతోని వాదించిన. తర్వాత పుస్తకం తీసి చూస్తే, వాటిల ఎక్కువ ఇంట్ల కూసొని కూడా కుట్టేటియే. షెడ్డుకు పోబట్టి ఎక్కువ కుట్టినయి 7 మాత్రమే. దారం, లైనింగు పోను ఒక్కదానికి 120 మిగిలితే 840. కట్టింది 1,200. అంటే 360 చేతిలకెల్లి పోయినయి. అది సంఘంల నెల పొదుపు కంటె ఎక్కువ. వట్టిగ పోయిందని చెప్పడానికి సిగ్గయి ఆ నెల మీటింగుల నోరు మెదపలే.

మిషను ఎంత జోరుగా నడిచినా, గుడ్డ ఇచ్చేటోళ్లు లేకపోతే ఏం చేస్తం?

ఎండాకాలం బడి యూనిఫాంలు మన సంఘాలకు వచ్చినప్పుడు మాత్రం కథ వేరే. జతకు 75 రూపాయలు, బడి తెరిచేలోపల ఇయ్యాలె. ఇంట్ల కాళ్ల మిషను మీద రోజుకు మూడు, నాలుగు జతలు దాటయి. అప్పుడు నెల సీటు తీసుకొని 24 రోజులు పోయిన. ఇంట్ల కుట్టేదానికంటె 60 జతలు ఎక్కువైనయి. 4,500 వచ్చినయి, సీటు పోను 3,300. ఆర్టీసీ బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు కాబట్టి చార్జీ పడలే. కానీ బస్సు కోసం నిలబడ్డ పొద్దు మాత్రం నాదే పోయింది. పొద్దుగూకి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉండదు గదా మనకు.

ఇంకో మాట, ఇది పుస్తకంల రాయలేనిది. ఇంట్ల కుడుతుంటే మనం ఖాళీగా ఉన్నట్టే లెక్క. “ఎట్లాగూ ఇంట్లనే ఉన్నవ్ గదా” అని ఒకరు పిల్లను పట్టుకొమ్మంటరు, ఒకరు చాయ్ పెట్టమంటరు. షెడ్డుకు పోయిన 24 రోజులు మా అత్తమ్మనే పక్కింటామెతోని “కోడలు పనికి పోయింది” అన్నది. నేను పెండ్లయి వచ్చిన సంది కుడుతున్న, ఆ మాట మొదటిసారి విన్న. దానికి ఎంత కట్టొచ్చో మీరే చెప్పాలె. నేనైతే నెలకు రెండొందలు కడత.

అందుకే పైగదికి నెల సీటు ఒక్కటే పెట్టొద్దు, రోజు సీటు కూడా ఉండాలెనని నా మాట. మిషన్లు కొనేది మన సమాఖ్య పైసలతోనే. కుర్చీలు ఖాళీగా ఉంటే నష్టం అందరికీ. కుట్టుపని చేసే అక్కలు వచ్చే నెల క్యాలెండరు మీద, ఇల్లు విడిచి రాగలిగిన రోజుకు ఒక టిక్కు పెట్టుండ్రి. గుడ్డ లేక మిషను ఆగిన రోజుకు ఒక సున్నా చుట్టుండ్రి. ఆ క్యాలెండర్లు పట్టుకొని మీటింగుకు రాండ్రి. ఎన్ని మిషన్లు కొనాలెనో అప్పుడు లెక్క పెడదాం.