బలం పులుసులో లేదు, ముక్కలో ఉంది



వార్డులో మందులు ఇస్తున్నప్పుడు మీలో చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, బలానికి కొరమీను పెట్టాలంట. అంత డబ్బు ఎక్కడ తేవాలి?"

కొరమీను మంచిదే. కాని అదే కావాలని లేదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో తవుడు, చెక్క మేపి పెంచే బొచ్చె, శీలావతి చేపలు ఐసులో మన పట్టణాల మార్కెట్లకు వస్తాయి. వాటి ధర తక్కువ, మాంసకృత్తులు మాత్రం తక్కువ కాదు. 100 గ్రాముల శీలావతిలో సుమారు 17 గ్రాములు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉండేవి 6 గ్రాములు. ఆపరేషన్ గాయం మానడానికి కావలసినవి ఇవే.

కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉన్నాయా చూడండి. వేలితో నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే కొనవద్దు. వేపుడు కంటే పులుసు మేలు. పిల్లలకు, ముసలివారికి ముళ్లు తీసి పెట్టండి. బి.పి. ఉన్నవారికి ఉప్పుచేప వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తినాలో డాక్టరుగారిని అడగండి.

చివరగా ఒక మాట. చెకప్‌కు వచ్చిన బాలింతను "చేప తిన్నావా అమ్మా?" అని అడిగితే, "తిన్నానండీ, పులుసు పోసుకుని" అంటుంది. ముక్కలన్నీ ఇంట్లో మిగతావారికి వెళ్లాయన్నమాట. ఈసారి చేపల కూర వండినప్పుడు మొదటి ముక్క బాలింత పళ్లెంలో, రోగి పళ్లెంలో వేయండి.