వృద్ధాప్యమున విశ్రాంతి – వ్యాయామము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో గ్రంథాలయము తలుపులు మూయక నిలచుట చిన్న విషయము కాదు. ఈ శుభసమయమున పుస్తకములను గూర్చి మాటలాడుట ఉచితమే. కాని ప్రతిదినము ఇచ్చటికి వచ్చి పత్రికలు చదువువారిలో అరువది దాటినవారు పెక్కురు. అందుచేత వారి దేహమును గూర్చియు, జ్ఞాపకశక్తిని గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

వ్యాయామమనగానే మనకు దండీలు, బస్కీలు, తాలింఖానా జ్ఞప్తికి వచ్చును. కోడి రామమూర్తి నాయుడుగారి బలమును కథలుగా చెప్పుకొన్నవారము మనము. అది పడుచువాండ్ర పనియని మన నిశ్చయము. ముసలివాడు తెల్లవారుజామున చేతులూపుచు నడచినచో, “ఈ వయసులో ఈయనకు కసరత్తు కావలసివచ్చినదా?” అని నవ్వుదుము. స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు. చంకలో బిందెయో, తలపై గడ్డిమోపో లేక ఊరక నడచుట తప్పుగా తోచి, నలుగురేమనుకొందురో యని వెనుదీయుదురు.

ఈ అభిప్రాయము మూర్ఖత్వమువలన పుట్టినది కాదు. నలువది యేండ్లు దుక్కిదున్ని, నాట్లువేసి, కలుపుతీసిన శరీరమునకు విశ్రాంతి న్యాయమైన హక్కు. తల్లిదండ్రులను కూర్చుండబెట్టి పోషించుట బిడ్డలకు గౌరవము. “కృష్ణా రామా అనుకొనుచు కూర్చుండుము” అనుటలో ప్రేమ కలదు. కాని ఆ ప్రేమయే ఒక్కొక్కప్పుడు కీడు చేయును.

నా యింటి సంగతియే చెప్పెదను. మా తండ్రిగారు గతించిన పిమ్మట మా తల్లిగారు గేదెను మేపుకొనుచు, పెరటిలో కూరపాదులు పెంచుకొనుచు ఉండెడివారు. ఆమె అరువదియెనిమిదవ యేట నేను గేదెను అమ్మివేసితిని. ఇంటిలోనికి కొళాయి వేయించితిని. రుబ్బుటకు యంత్రము తెచ్చితిని. టెలివిజను ఎదుట పడకకుర్చీ వేసి, “ఇక నీవు చేయి కదపనక్కరలేదమ్మా” అంటిని. ఊరంతయు నన్ను మెచ్చుకొన్నది. “ఇంక నాకేమి పనిరా?” అని ఆమె రెండు మూడు మారులు అడిగిరి. నేను నవ్వి ఊరకుంటిని.

అయిదేండ్లకు, ఒక ఏకాదశినాడు, రామాలయమునుండి ఇల్లు చేరుటకు ఆమెకు దారి తెలియలేదు. ఏబది యేండ్లు నడచిన దారి అది! మేము చాదస్తమని సరిపెట్టుకొంటిమి. రెండేండ్లు గడచిన తరువాతగాని వైద్యునికి చూపలేదు. ఇది కేవలము వయోధర్మము కాదనియు, డిమెన్షియా యను మెదడు జబ్బనియు ఆయన తెలిపెను. “కూర్చుండబెట్టుటచేతనే వచ్చినదా?” అని అడిగితిని. “అట్లని ఎవ్వరును చెప్పజాలరు. ఆమెకు రక్తపుపోటు కలదు, చెవుడు కలదు. కదలిక లేకపోవుట వానికి తోడైనది” అనెను. ఆ ప్రశ్న నేటికిని నన్ను విడువలేదు.

శాస్త్రము చెప్పునది వినుడు. లాన్సెట్ వైద్యపత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘము 2024లో ఈ జబ్బునకు దారితీయు, మార్చుకొనదగిన కారణములను 14 పేర్కొన్నది. వాని నన్నిటిని తొలగింపగలిగినచో లోకమున నూటికి సుమారు 45 వంతుల జబ్బును నివారించుటకో, వాయిదా వేయుటకో వీలగునని అంచనా వేసినది. శరీరమునకు కదలిక లేకపోవుట అందులో నొకటి. రక్తపుపోటు, మధుమేహము, చెవుడు, ధూమపానము, ఒంటరితనము మరికొన్ని. నడక రక్తపుపోటును, మధుమేహమును అదుపులో నుంచుటకు తోడ్పడును. నలుగురితో కలసి నడచినచో ఒంటరితనమును తగ్గును. ఇది జబ్బును కుదుర్చు మందు కాదు, రాదను హామీయు కాదు. అపాయమును తగ్గించు ఉపాయము మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచన ప్రకారము పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల ఓమోస్తరు శ్రమ అవసరము. అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు, మాటలాడగలిగినను పాట పాడలేనంత వడిగా నడచుట. పడిపోకుండ నిలుకడను, కండబలమును పెంచు అభ్యాసములు వారమునకు మూడు దినములు చేయవలయును. గుండెజబ్బు, మోకాళ్ళనొప్పులు కలవారు వైద్యుని అడిగి ప్రారంభింపవలయును.

కావున బిడ్డలారా! పెద్దల పనిని తేలిక చేయుడు, పూర్తిగా లాగికొనకుడు. పాదులకు నీరు పోయనిండు, పూలు కోయనిండు. కోడండ్రు అత్తలను వెంటబెట్టుకొని నడచినచో ఇరువురకు మేలు. యువకులు నవ్వుట మానవలయును. పెద్దలు దీనిని వ్యాయామమనుటకు సిగ్గుపడినచో ప్రదక్షిణమనుడు, పొలము చూచివచ్చుట యనుడు. పేరు ఏదైనను కాళ్ళు కదలవలయును.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. సాయంకాలము అయిదు గంటలకు వృద్ధులు, స్త్రీలు ఇచ్చట కూడి, చెరువుగట్టువరకు నడచివచ్చి, పిమ్మట పత్రిక చదివించుకొని వినునట్టి ఏర్పాటు చేయుడు. దీనికి ధనమక్కరలేదు. మొదటిదినమున మా తల్లిగారి చేయి పట్టుకొని నేను వచ్చెదను. ఆమె ఇప్పుడు ఒక్కొక్కప్పుడు నా పేరు మరచుచున్నారు. కాని దారిలో గేదె కనబడినచో నిలచి, గడ్డిపరక అందించుట మరువలేదు.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక. ఆనాటికి మనలో పెక్కురు తమ కాళ్ళపై నడచివచ్చి, తోటివారిని పేరుపెట్టి పిలువగలుగుదురుగాక. సెలవు.