ఖడ్గమృగము – అలుగు

వన్యమృగముల క్షేమమును గూర్చి ముచ్చటించునపుడు మనము ఏనుగును, పులిని, సింహమును తలచుకొనుట పరిపాటి. నేడు ఒకదానితో ఒకటి ఏమాత్రము పోలని రెండు జంతువులను పక్కపక్కన నిలిపి చూతము.

ఒకటి అస్సాము గడ్డిబీళ్లలో మేయు ఒంటికొమ్ము ఖడ్గమృగము. రెండు టన్నులకు పైగా తూగగల మహాకాయము. రెండవది మన నల్లమలలోను, తూర్పు కనుమలలోను రాత్రివేళ సంచరించు అలుగు. పది పదిహేను కిలోల ప్రాణి. నోట పండ్లు లేవు. పొడవైన జిగురు నాలుకతో చీమలను, చెదలను నాకి తినును. రెండును పాలిచ్చి పిల్లలను పెంచునవే. సాధారణముగా ఈతకు ఒక్క పిల్లయే.

ఈ రెండింటికి చేటు తెచ్చినది ఒకే పదార్థము. ఖడ్గమృగపు కొమ్ము, అలుగు పొలుసులు కెరటిన్ అనుదానితో ఏర్పడినవి. మన గోళ్లలో ఉన్నదియు అదియే. అది దివ్యౌషధమను నమ్మకముతో వీనిని చంపుచున్నారు.

ఇరువదవ శతాబ్దారంభమున ఖడ్గమృగములు వ్రేళ్ల మీద లెక్కింపదగినంత తగ్గినవి. 1908లో కాజీరంగా రక్షితారణ్యమైనది, 1974లో జాతీయోద్యానమైనది. 2022 గణనలో అచ్చట 2,613 ఖడ్గమృగములు తేలినవి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2008లో దీనిని తీవ్రప్రమాదపు శ్రేణినుండి ఒక మెట్టు తగ్గించిరి. అయినను భయము తొలగలేదు. జాతిలో అధికభాగము ఒక్కచోటనే ఉన్నందున బ్రహ్మపుత్ర వరదయో, అంటువ్యాధియో వచ్చిన ముప్పు తప్పదు.

అలుగు నేటికిని తీవ్రప్రమాదపు శ్రేణిలోనే యున్నది. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము రెండింటిని మొదటి జాబితాలోనే చేర్చినది. 2016లో జొహానెస్‌బర్గున సమావేశమైన దేశములు ఎనిమిది అలుగు జాతుల అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించినవి. మరి ఈ భేదమేల? ఖడ్గమృగము బయలున కనిపించును. లెక్కింపవచ్చును, కావలి పెట్టవచ్చును. అలుగు ఏకాకి, పగలెల్ల బొరియలో నుండును. ఎన్ని యున్నవో ఎవరును లెక్కింపలేదు. లెక్క తెలియనిదానికి కావలి యెక్కడ? పైగా ఆపద రాగానే బంతివలె చుట్టుకొనును. పెద్దపులి గోళ్లనుండి కాపాడు ఆ ఉపాయమే మనుష్యునికి అనుకూలించినది. ఎత్తి గోనెలో వేసికొనిపోవుటకు శ్రమయే లేదు.

కావున అలుగును కాపాడుట అడవి దాపున నివసించువారి చేతిలో నున్నది. అది కనిపించినచో పట్టక, అటవీశాఖవారికి తెలుపవలెను. పొలుసుల ఉంగరములను, తాయెత్తులను కొనరాదు. చెదలను తినిపెట్టు ఆ మూగజీవి రైతునకు చేయు మేలును మరువరాదు.